తొమ్మిదో నంబరు కుర్చీ

న్యాయవాదుల గది,
ఫైళ్ళ బీరువా పక్క,
సోమవారం.

పూజ్యులైన మామయ్య గారికి మీ మేనకోడలు నమస్కరించి రాసే ఉత్తరం.

ఇక్కడ అంతా కుశలం, నా మోకాళ్ళు తప్ప. మీరు సంఘాన్ని స్థాపించిన నాడు రాసిన ఆసన నియమావళి నేటికీ అక్షరం పొల్లుపోకుండా నడుస్తోంది. గదిలో ఇరవై కుర్చీలు, వాటి వీపులకు ఇత్తడి అంకెలు. మీ గౌరవార్థం ఒకటో నంబరు ఖాళీగానే ఉంది. రోజూ తుడుస్తారు, ఎవరూ కూర్చోరు. తక్కిన పందొమ్మిదింటిలో కూర్చున్నవారి కేసులు ఆ అంకెల వరుసలోనే కాగితం మీదికెక్కి కోర్టు గుమాస్తాకు చేరతాయి. ఆయన ఆ వరుసలోనే పిలుస్తాడు. కుర్చీ లేని మేము పదిహేడుగురం గోడవారగా నిలబడి ఉంటాం. మా వంతు వచ్చేసరికి జడ్జిగారు కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకుంటారు.

నా దగ్గర ఒక కేసుంది. కుట్టుమిషన్లు బాగుచేసే ఆవిడది. దుకాణం యజమాని పనిముట్లన్నీ లోపల ఉండగానే తాళం వేసేశాడు. పద్నాలుగు నెలల్లో ఇరవై తొమ్మిది వాయిదాలు వచ్చాయి, ఒక్కసారి కూడా పిలుపు రాలేదు. ప్రతిసారీ వచ్చి కోర్టు వరండాలో కూర్చుంటుంది. ఆవిడకు కూర్చోవడానికి వరండా అయినా ఉంది.

ఇప్పుడు సంగతేమిటంటే, తొమ్మిదో నంబరు ఆయన లా కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్ళిపోయారు. కుర్చీ ఖాళీ అయింది. నియమం ప్రకారం అధ్యక్షులవారు మీ అభిప్రాయ పత్రం తెప్పించుకుంటారు. నేను నిలబడి పదకొండేళ్ళు. నాకంటే ఆరేళ్ళు వెనుక వచ్చిన మా తమ్ముడు పదకొండో నంబరులో కాలుమీద కాలు వేసుకుని కూర్చుంటున్నాడు. నా గురించి ఉన్నమాట నాలుగు ముక్కలు రాస్తే ఆ తాళం తెరుచుకుంటుందని ఆశ.

అత్తయ్యకు నమస్కారాలు.

మీ మేనకోడలు


ఇంటి వసారా,
గురువారం.

చిరంజీవి అమ్మడికి ఆశీస్సులు.

నీ లేఖ చేరినది. అక్షరములు కుడివైపునకు ఒరిగియున్నవి. నిలబడి వ్రాయునపుడు ఎడమకాలిపై భారము వేయుము.

అడిగినది చిన్న కోరికయే, కాని అడిగినచోటు తప్పు. నలుబదియేండ్లు నల్లకోటు ధరించితిని. ఆ కోటుకు జేబులున్నవి కాని బంధువులు లేరు. మేనకోడలివని నీకు నాలుగు మంచిమాటలు వ్రాసినచో, రేపు నా వ్రాతకు విలువయేమి? త్రాసుకు మేనకోడళ్ళుండరమ్మా.

ఇంతలో మీ అత్తయ్య వంటింటినుండి, “త్రాసుకు లేకపోవచ్చు, పట్టుకున్న చేతికి ఉంటారుగా” అన్నది. నేను వినలేదు.

నిలబడుటను అంత చులకనగా చూడకుము. చెట్టు నిలబడియే పండ్లనిచ్చును. పర్వతము కూర్చున్నట్లు ఏ కవియు చెప్పలేదు. పైగా జడ్జి యెదుట వాదించునది నిలబడియే కదా. నీకు లభించుచున్నది శిక్ష కాదు, శిక్షణ.

పక్షపాతమును గూర్చి మీ సంఘములో ఏదో తరగతి జరుగబోవుచున్నదని అధ్యక్షులు వ్రాసినారు. మంచిదే. అవసరమున్నవారు నేర్చుకొందురు. నాకు మాత్రము ఆ రోగము సోకలేదు. కన్ను తెరచినను మూసినను నాకు న్యాయమొక్కటే కనబడును.

నీ మామయ్య


న్యాయవాదుల గది, అదే బీరువా,
ఆదివారం.

మామయ్య గారికి నమస్కారాలు.

ఆ తరగతి నిన్న జరిగింది. ఎలా జరిగిందో మీకు తప్పక చెప్పాలి, చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

మనకు తెలియకుండానే మనలో ఉండే పక్షపాతం గురించి న్యాయవాదులకు చెప్పించాలని పైకోర్టు ఆదేశం. అందుకు ఒక శిక్షకురాలు వచ్చింది. ముప్ఫై దాటని వయసు, తానూ న్యాయవాదే, చక్రాల కుర్చీలో వచ్చింది. వ్యాను నడిపిన డ్రైవరు ఆవిణ్ణి లోపలికి తోసుకొచ్చాడు. ఆయనకు అరవై ఉంటాయి, బొడ్డు దాకా తెల్లగడ్డం, నుదుటి మీద మూడు ముడతలు. మెట్లెక్కి మోకాళ్ళు లాగాయి కాబోలు, ఎదురుగా ఖాళీగా కనిపించిన కుర్చీలో కూలబడ్డాడు. అది మీ ఒకటో నంబరు.

ఆ కుర్చీలో కూర్చున్నవాడు ముఖ్య అతిథి కాక మరెవరవుతాడు? ఇరవయ్యేళ్ళుగా ఎవరూ కూర్చోని కుర్చీ. గదంతా లేచి నిలబడింది. అధ్యక్షులవారు చేతులు జోడించి ఆయన్ను వేదిక మీదికి నడిపించారు. శిక్షకురాలినేమో, “నువ్విలా బీరువా దగ్గర ఉండమ్మా” అని చక్రాల కుర్చీని నా పక్కకు నెట్టించారు. పాపం, ఆవిడ కూర్చునే వచ్చింది. కానీ ఆ కుర్చీకి అంకె లేదు కదా, లెక్కలోకి రాలేదు.

నేను నోరు తెరవబోతే ఆవిడే నా చెయ్యి పట్టుకుని ఆపింది. “ఉండండి, ఇంతకంటే మంచి పాఠం నేను చెప్పలేను” అంది.

వేదిక మీద డ్రైవరు కాసేపు బెదిరి, పెద్దవాళ్ళు అడిగినప్పుడు కాదనడం మర్యాద కాదనుకుని, తనకు తెలిసిందే చెప్పాడు. “బండికి మూడు అద్దాలుంటాయండీ. మూడిట్లోనూ కనపడని చోటొకటి ఉంటుంది. సరిగ్గా అక్కడే మనిషి ఉంటాడు. మెడ తిప్పి చూడాలి. మెడ తిరగనోడు పక్కసీటులో వాళ్ళనడగాలి. అడగడానికి నామోషీ అయితే బండి తోలడం మానెయ్యాలి.” అంతే. తర్వాత టైర్లలో గాలి గురించి పావుగంట చెప్పాడు.

మామయ్యా, చప్పట్లు ఎంతసేపు మోగాయో అడగకండి. మూడో నంబరు ఆయన కళ్ళు తుడుచుకున్నారు. టైర్లలో గాలి అంటే అహంకారమని మా తమ్ముడు నోటుబుక్కులో రాసుకున్నాడు. చివరికి శిక్షకురాలు తానెవరో చెప్పాక చప్పట్లు కొట్టిన చేతులన్నీ కోటు జేబుల్లోకి వెళ్ళాయి. అధ్యక్షులవారు మాత్రం ఏమీ తొణకలేదు. “అయితే రెండు ప్రసంగాలు లభించాయన్నమాట, ధన్యులం” అన్నారు.

ఆవిడ మాకొక అభ్యాసం ఇచ్చింది. మీరూ చేసి చూడండి. కళ్ళు మూసుకుని, ఒక గొప్ప న్యాయమూర్తిని ఊహించుకోవాలి. ఎవరు కనిపించారో దాచకుండా రాయాలి.

మీ మేనకోడలు


ఇంటి వసారా,
బుధవారం.

చిరంజీవి అమ్మడికి ఆశీస్సులు.

డ్రైవరు ప్రసంగము అద్భుతము. ఆయన విలాసము పంపుము. అద్దములలో కానరాని చోటును గూర్చి ముఖాముఖి వినవలెను.

నీవు కోరిన అభ్యాసము చేసితిని. స్నానము చేసి, తూర్పుముఖముగా కూర్చుండి, కన్నులు మూసికొంటిని. ఒక న్యాయమూర్తి ప్రత్యక్షమైనాడు. విశాలమైన నుదురు. బట్టతల. ముక్కుపై కళ్ళజోడు. కుడిచెవి క్రింద పుట్టుమచ్చ. స్వరము మేఘగర్జన. కొంతసేపు పరికించి చూడగా అది నేనే.

దీనిలో పక్షపాతమేమియు లేదు. కన్నులు మూసికొనిన వానికి దగ్గరగా ఉన్నవాడే ముందు కనబడును. రెండవసారి ప్రయత్నించితిని. ఈసారి పుట్టుమచ్చ ఎడమచెవి క్రిందికి మారినది. మీ అత్తయ్యను చేయుమంటిని. ఆమె కన్నులు మూసికొనిన మరుక్షణమే గురకపెట్టినది కనుక ఆమె ఫలితము లెక్కలోనికి రాదు.

తొమ్మిదవ కుర్చీ విషయమై నా అభిప్రాయ పత్రమును నిన్ననే అధ్యక్షులకు పంపితిని. ఎప్పటివలెనే ధర్మము తప్పలేదు. ఫలితము ఎట్లున్నను మనసు కష్టపెట్టుకొనకుము.

నీ మామయ్య


న్యాయవాదుల గది,
శుక్రవారం.

మామయ్య గారికి.

తొమ్మిదో నంబరు గంటగొంతుకు ఇచ్చారు. మేం పెట్టిన పేరు అది. వచ్చి నాలుగేళ్ళయిన కుర్రాడు, అతను నమస్కారం పెడితే కిటికీ అద్దాలు అదురుతాయి.

ఒక సంగతి నేను మీకెన్నడూ చెప్పలేదు. మీ అభిప్రాయ పత్రాలన్నీ ఈ బీరువా మూడో అరలో ఉంటాయి. దీని పక్కన పదకొండేళ్ళు నిలబడినదానికి దీనిలో ఏముందో తెలియదనుకున్నారా? ఫైళ్ళు సర్దే పని కూడా నిలబడ్డవాళ్ళదే. మీ రాత మీకే వినిపిస్తున్నాను.

నా నాలుగో ఏట: “శ్రద్ధాళువు. ఓర్పు మెండు. ఇంకను కొంతకాలము నిలువగలదు.”

ఏడో ఏట: “స్వరము మృదువు. గదికి మృదుత్వమవసరమే, అది గోడవారనున్నను వ్యాపించును.”

తొమ్మిదో ఏట: “వివాహమైనచో వృత్తి మానునేమో.” వివాహమై రెండేళ్ళయింది మామయ్యా. మీరే దీవించారు. నేను మానలేదు.

మొన్న మంగళవారం: “నిలబడుటలో ఈమెకుగల అనుభవము సంఘమున మరెవరికిని లేదు. అట్టి అనుభవమును సంఘము కోల్పోరాదు.” దీనికి నేను కాసేపు నవ్వాను. ఆ తర్వాత నవ్వలేదు.

ప్రతి పత్రం కిందా ఒకే వాక్యం: “ఈమె నా మేనకోడలు, అందుచేత కఠినముగా వ్రాయవలసివచ్చినది.”

ఇక మా తమ్ముడి పత్రం: “గంభీర స్వరము. నడకలో పెద్దరికము. కుర్చీ ఇతనికొరకే చేయబడినట్లున్నది. ఇతడు నా మేనల్లుడు. ఐనను సత్యము చెప్పక తప్పదు.”

ఒకే అక్క కడుపున పుట్టిన ఇద్దరం. వాడి దగ్గరికి వచ్చేసరికి చుట్టరికం సత్యానికి అడ్డం రాలేదు. నా దగ్గరికి వచ్చేసరికి సత్యానికే అడ్డం పడింది. మీరు చెడ్డవారని నేననను. అలా అనుకోగలిగితే నాకు సుఖంగానే ఉండేది.

కుట్టుమిషన్ల ఆవిడ ముప్ఫయ్యో వాయిదాకు వచ్చి వెళ్ళింది.

మీ మేనకోడలు


మీ మామయ్యగారి ఇల్లు,
మంగళవారం.

అమ్మడూ,

నేను మీ అత్తయ్యను. మీ మామయ్య నాలుగు రోజులుగా కలం ముట్టడం లేదు కాబట్టి నేను రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి, “పిల్లకు కోపం, అంతే” అన్నారు. సరేనని ఊరుకున్నాను. నిన్న సాయంత్రం కాఫీ ఇచ్చి, ఎవరో ఊళ్ళోవాళ్ళ తగవు అన్నట్టు చెప్పాను. ఇద్దరున్నారట, ఒకే కుర్చీ ఉందట. మొదటి మనిషికి పదకొండేళ్ళ అనుభవం. కోర్టు పిలిచిన కేసులు పదికి ఎనిమిది గెలుపు. రెండో మనిషికి నాలుగేళ్ళు. కేసుల సంగతి తెలియదు కానీ గొంతు బాగుంటుంది. ఎవరికివ్వాలి? అని అడిగాను.

కాఫీ చల్లారిపోయేదాకా ఆగలేదు. “అడగవలసిన మాటేనా అది? మొదటి మనిషికి ఇవ్వని వెర్రివాడెవడు? వాడు చదివింది న్యాయశాస్త్రమా, సంగీతమా? అలాంటివాడికి పిల్లీ ఎలుకల తగవు అప్పగించినా తప్పే” అని గుక్క తిప్పుకోకుండా తిట్టారు. నేను ఆ వెర్రివాడి సంతకం చూపించాను. ఆయన దగ్గర నకలు ఉంటుందిగా, అదే.

కళ్ళజోడు మూడుసార్లు తుడుచుకుని చూశారు. సంతకం మారలేదు. లేచి పెరట్లోకి వెళ్ళి కుండీలో మొక్కకు నీళ్ళు పోయడం మొదలుపెట్టారు. మొక్క కుండీలోంచి పైకి తేలేదాకా పోస్తూనే ఉన్నారు. భోజనం దగ్గర “ఉప్పు” అన్నారు, ఇంకేమీ అనలేదు.

మీ అత్తయ్య

పై వాఙ్మూలము యథార్థము. మొక్క బ్రతికియున్నది.
— మామయ్య


వేరే ఊరు, బసలో నా గది,
శనివారం.

మామయ్య గారికి, అత్తయ్యకు నమస్కారాలు.

సాక్షుల వాఙ్మూలాలు రాసుకురమ్మని రెండు వారాలకు నన్నీ ఊరు పంపారు. ఇక్కడ బసలో మంచి కుర్చీ ఉంది. పట్టించుకునేవాళ్ళెవరూ లేరు.

అత్తయ్య ఉత్తరం నాలుగుసార్లు చదివి నవ్వాను, మొక్క దగ్గర మరీ. ఆ వెంటనే మీరు రాసిన మరో చీటీ అందింది: నా కోసం కొత్త పత్రం రాసి, గంటగొంతును లేపించి తొమ్మిదో నంబరు నాకు ఇప్పిస్తానని. వద్దు మామయ్యా.

మీరు మంచి మాట రాస్తే నేను కూర్చుంటాను. నా వెనుక పదహారుగురు అలాగే ఉంటారు. వాళ్ళకు మేనమామలు లేరు. ఆ కుట్టుమిషన్ల ఆవిడ కేసు నడవాలంటే మీరు మొక్కకు నీళ్ళు పోయవలసి వస్తోంది. అది న్యాయం కాదు, గాలివాటం. నాకు కుర్చీ వద్దు. కేసుల వరుసకూ కుర్చీలకూ ఉన్న ఆ ముడి విప్పండి. మీరు వేసిన ముడే కదా. వచ్చే బుధవారం సర్వసభ్య సమావేశం. ఉత్తరం పంపకండి, మీరే వెళ్ళండి.

మీ మేనకోడలు


న్యాయవాదుల గది,
ఫైళ్ళ బీరువా పక్క,
బుధవారం, ఉదయము పదిన్నర.

చిరంజీవి అమ్మడికి.

వచ్చితిని. నన్ను తీసికొనివచ్చినది ఎవరనుకొంటివి? ఆ తెల్లగడ్డపు డ్రైవరే. త్రోవ పొడవునా ఆయన చెప్పుచుండగా నేను మెడ త్రిప్పుట అభ్యసించితిని. ఆయన బయట వ్యానులో ఉన్నారు. నేను లోపల నిలబడియున్నాను. ఒకటవ నంబరు కుర్చీకి అడ్డముగా ఎఱ్ఱని త్రాడు కట్టినారు. డ్రైవరు సంఘటన తరువాత మఱెవ్వరును కూర్చుండరాదట. నా గౌరవార్థము నన్నే కూర్చుండనీయని త్రాడు.

సవరణ ప్రతిపాదించుటకు చేయి ఎత్తితిని. కార్యదర్శి తలయెత్తకుండనే, “ఏడో నియమం” అన్నాడు. నిలబడినవారి ప్రతిపాదనలు, కూర్చున్నవారివన్నియు ముగిసిన పిదప, వ్యవధి యున్నచో స్వీకరింపబడును. ఆ వాక్యము నాదే. “వ్యవధి యున్నచో” అను పదబంధమునకు ఆనాడు నేను మిక్కిలి మురిసితిని.

పదకొండున్నర. ఎవ్వరును నన్ను గుర్తింపలేదు. కోటు లేదు, జుట్టు లేదు. అంతకన్న ముఖ్యముగా కుర్చీ లేదు. నిలబడినవారివైపు చూచు అలవాటు ఈ గదికి లేదు. ఆ అలవాటు లేకుండ చేసినది నేనే. నా పక్కనున్న యువతి తన కేసు వివరించినది. మా కాలపు పెద్దలెవ్వరును అంత చక్కగా చెప్పలేదు. ఆమె స్వరమును మృదువని వ్రాయబోయి ఆగితిని.

పన్నెండుంబావు. మీ తమ్ముడు వచ్చి, ముఖము చూడకుండనే నా చేతిలో ఒక ఫైలు పెట్టి, “దీన్ని మూడో అరలో పెట్టండి” అన్నాడు. స్వంత మేనమామను. పెట్టితిని. నడకలో పెద్దరికమున్న మాట నిజమే. చూపులో మాత్రము లేదు.

పన్నెండు ముప్పావు. ఎడమకాలిపై భారము వేయుమని నీకు సలహా యిచ్చితిని. అది పనికిరాదు. కుడికాలును పనికిరాదు.

ఒంటిగంట. “వ్యవధి ముగిసింది” అని అధ్యక్షులు ప్రకటించినారు. నా వంతు రాలేదు. ఇట్లు నీకు పదకొండేండ్లు.

ఇప్పుడొక విషయము స్ఫురించినది. ఈ ఇరువది కుర్చీలు నా తొలి కార్యాలయమునుండి నేను తెచ్చి వేసినవి. దానపత్రము వ్రాయలేదు. ఇందరు న్యాయవాదులలో ఒక్కరును ఇన్నేండ్లుగా దానపత్రము అడుగలేదు. వ్యాను గుమ్మములోనే యున్నది. చక్రాల కుర్చీ ఎక్కుటకు వెనుక వాలుబల్ల కూడ ఉన్నది. అందరును భోజనమునకు పోయినారు. నీ పక్క నిలబడువారు పదిహేనుగురును మోయుటకు సిద్ధముగా ఉన్నారు.

నీ మామయ్య


న్యాయవాదుల గది,
సోమవారం.

మామయ్య గారికి నమస్కారాలు.

ఊరినుంచి తిరిగొచ్చి తలుపు తీస్తే, గది పెళ్ళి అయిపోయిన పందిరిలా బోసిగా ఉంది. ముప్ఫై నలుగురు న్యాయవాదులు నిలబడి ఉన్నారు. అధ్యక్షులవారిని వెతుక్కోవడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. కిటికీ దగ్గరున్నారు. ఈ గదికి కిటికీ నుంచి ఇంత గాలి వస్తుందని తెలియదే అంటున్నారు.

గురువారం పొద్దున గుమాస్తా కేసుల వరుస కాగితం అడిగితే ఇవ్వడానికి వరుసే లేదట. కుర్చీలు దొంగతనం అయ్యాయని ఫిర్యాదు చేద్దామని గంటగొంతు లేచాడు, అంటే, నిలబడే ఉన్నాడు కాబట్టి ఇంకొంచెం నిక్కాడు. ఎవరి సొత్తని రాయాలి అని మూడో నంబరు ఆయన అడిగారు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈలోగా జడ్జిగారు విసుక్కుని, ఏ కేసు ముందు దాఖలైతే దాన్నే ముందు పిలవమన్నారు. గుమాస్తాకు అది తేలికగా ఉంది. అప్పటినుంచీ అలాగే నడుస్తోంది.

అసలు వింత వినండి. కూర్చోవడానికి ఏదైనా వేయించమని మేం పదకొండేళ్ళలో తొమ్మిది అర్జీలు ఇచ్చాం. తొమ్మిదీ ఈ బీరువాలోనే ఉన్నాయి. మా తమ్ముడు మూడు రోజులు నిలబడ్డాడు. నాలుగో రోజున, నిలబడటం మానవ శరీరానికి విరుద్ధమని, న్యాయవాదులందరికీ ఆసనాలు కల్పించాలని రెండు పేజీల అర్జీ పెట్టాడు. మూడు నిమిషాల్లో ఏకగ్రీవంగా ఆమోదించారు. వాణ్ణి దూరదృష్టి గలవాడని పొగిడారు. వాడు ఏం చేశాడో తెలుసా? బీరువాలోంచి మా తొమ్మిది అర్జీలూ తీసి అధ్యక్షులవారి చేతిలో పెట్టి, “ఇవి చదవలేదండీ, క్షమించండి. నేనూ చదవలేదు” అన్నాడు. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి, ఆ రోజు ఫైలు ఎవరి చేతిలో పెట్టానక్కా అని అడిగాడు. చెప్పాను. ఇంకా తేరుకోలేదు.

కుర్చీలు పంపమని సంఘం మీకు విన్నపం పంపుతోంది. అంకెలు లేకుండా పంపండి. నా కేసు మంగళవారం వరుసలో మూడోది.

మీ మేనకోడలు


ఇంటి వసారా, పడకగది, వంటగది, అన్నిటను కుర్చీలే,
మంగళవారం.

చిరంజీవి అమ్మడికి ఆశీస్సులు.

ఇంట ఇద్దరము, కుర్చీలు ఇరువది. మీ అత్తయ్య పొయ్యి వద్దకు చేరవలెనన్నచో పద్మవ్యూహమును ఛేదింపవలసివచ్చుచున్నది. నేను దినమునకు నాలుగు కుర్చీల చొప్పున కూర్చుండి పరీక్షించితిని. ఒకటవదియు పందొమ్మిదవదియు ఒక్కటే. తొమ్మిదవది కిఱ్ఱుమనును. ఇందుకొరకా ఇన్ని యేండ్లు ఇంతమందిని నిలబెట్టితినని తోచి, ఒక ఆటవెలది వెలువడినది:

కుర్చి యొకటి చాలు గురువుగాఁ దోచును
నిలుచువాని మాట నీటి గీత
పీఠ మెక్కినపుడె పెద్దయై పోవును
దిగిన వెంట వట్టి దేహమగును

యతులన్నియు కుదిరినవి. మీ అత్తయ్య విని, “పద్యం బాగానే ఉంది, ముందు ఆ పిల్లకు చెప్పాల్సింది చెప్పండి” అన్నది.

నీకు నేను చేసినది అన్యాయము. ఈ వాక్యమునకు ఒక ఉపమానము జోడించుటకు రెండు దినములు ప్రయత్నించితిని. ఏదియు అతుకలేదు. అట్లే పంపుచున్నాను.

ఇత్తడి అంకెలన్నియు ఊడదీసితిని. డ్రైవరుగారు రేపు కుర్చీలు చేర్చుదురు. ఈసారి దానపత్రము కూడ వ్రాసితిని, ఒకే షరతుతో: ఎవరు ముందు వచ్చిన వారు కూర్చుందురు. కేసు పిలిచినారా? వెంటనే వ్రాయుము.

నీ మామయ్య


న్యాయవాదుల గది,
తర్వాతి సోమవారం.

మామయ్య గారికి, అత్తయ్యకు నమస్కారాలు.

పిలిచారు.

గుమాస్తా నా కేసు నంబరు చదవగానే, ఎవరిదా అని నేను వెనక్కి తిరిగి చూశాను. రెండోసారి చదివాక గాని నాదని తట్టలేదు. ఏడు నిమిషాలు మాట్లాడాను. ఎదుటి న్యాయవాది నాలుగు నిమిషాలు దగ్గారు. సాయంత్రం నాలుగింటిలోగా తాళం తీయించమని జడ్జిగారు ఉత్తర్వు రాశారు.

నేనూ వెళ్ళాను. తలుపు తెరవగానే ఆవిడ ఏడుస్తుందనుకుని రుమాలు తీసి పట్టుకున్నాను. ఆవిడ ఏడవలేదు. లోపలికి వెళ్ళి, తుప్పు పట్టిన స్క్రూడ్రైవరొకటి తీసి చూసి, ఆ దుకాణం యజమానిని ఏడు తరాలు కలిపి తిట్టి, కొంగు బిగించి పని మొదలుపెట్టింది. రుమాలు నేనే వాడుకున్నాను. వచ్చేటప్పుడు, “మీరు అంత గట్టిగా మాట్లాడతారని తెలీదమ్మా, ఇన్నాళ్ళూ మీకు గొంతు లేదేమో అనుకున్నా” అంది.

మీ వాక్యం అందింది. ఉపమానం అతకకపోవడమే మంచిదైంది. దాన్ని బీరువాలో పెట్టలేదు, నా దగ్గరే ఉంచుకున్నాను.

ఒక సంగతి నేనూ మీకు దాచకుండా రాయాలి. ఈ ఉదయం గదిలోకి ఒక కొత్త అమ్మాయి వచ్చింది. మొన్ననే పట్టా పుచ్చుకుందట, కోటు ఇంకా ఇస్త్రీ మడతల్లోనే ఉంది. గదిలో ఏడెనిమిది కుర్చీలు ఖాళీ. ఆమెను చూడగానే నా చెయ్యి దానంతటదే లేచి బీరువా వైపు చూపించింది. “నువ్వు కాసేపు అక్కడ ఉండమ్మా” అని నా నోరే అంది. మీరూ, అధ్యక్షులవారూ కాదు. నేను.

ఆ పిల్ల బీరువాను చూసింది, ఖాళీ కుర్చీలను చూసింది.

“ఈ కుర్చీలు ఎవరివి అక్కా?” అంది.

“ఎవరివీ కావు” అన్నాను.

“మరి?”

పదకొండేళ్ళు ఇక్కడ నిలబడి తొమ్మిది అర్జీలు రాశాను కానీ, ఆ ఒక్క మాట అడగాలని నాకెన్నడూ తోచలేదు మామయ్యా. ఆ పిల్ల సంచీ పక్కన పెట్టుకుని కూర్చుంది. కిర్రుమంది. నేనూ ఆమె పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మీ మేనకోడలు